రెండో నాబ్

సృష్టికి ముందు మాటగా ఉన్న దేవునికి స్తోత్రం. గాలికి కదలికను, ఆ కదలికకు శబ్దాన్ని, ఆ శబ్దాన్ని పట్టుకోవడానికి మన తలకు రెండు పక్కలా చెవులను పెట్టిన తండ్రికి స్తోత్రం. వారమంతా లేత్ మిషన్ రొదలో పనిచేసే చేతులతోనే ఆదివారం తన సన్నిధిలో వాయించే భాగ్యం నాకిచ్చిన ప్రభువుకు స్తోత్రం. ఆ భాగ్యాన్ని నా సొంత ఆస్తి అనుకున్న రోజుల్లో కూడా నన్ను తోసివేయని ఆయన ఓర్పుకు స్తోత్రం. ఆయన హృదయాలను పరిశోధించేవాడు. నేను రాయబోయేది ఆయనకు ముందే తెలుసు. మీకు చెప్పడమే మిగిలింది.

నాచారంలో మా మందిరం ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన, మొదటి అంతస్తులో, రేకుల కప్పు కింద ఉండేది. కిటికీలు తెరిస్తే మందుల కంపెనీల ఘాటు వాసన, మూస్తే ఉక్క. ఎనభై, తొంభై మందిమి. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చునేవాళ్ళం. చాలామంది నాలాగే జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, కంపెనీల చుట్టూ గదులు అద్దెకు తీసుకున్నవాళ్ళు. నేను ఒక ఇంజనీరింగ్ షెడ్డులో టర్నర్‌ని. ఇనుప ముక్కను లేత్ మీద తిప్పి, కోసి, కొలత చూసి పక్కన పెట్టడం నా పని. కీబోర్డు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మందిరంలో ఎవరో ఇచ్చిన పాత కీబోర్డు ఉంటే దాని మీదే తడుముకుంటూ వచ్చింది.

మా పాస్టర్ అయ్యగారు నిలబడే చోటికి కుడిపక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఎనిమిదేళ్ళు అందులో కూర్చున్నాను. పాటలు అయిపోయాక అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంటే డోలక్ ఆగుతుంది, కంజీరా ఆగుతుంది. కీబోర్డు మాత్రం ఆగకూడదు. మాటల కింద పరిచినట్టు సన్నగా మోగుతూనే ఉండాలి. అది మా సంఘం పద్ధతి.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, ద్రాక్షరసపు చిన్న గ్లాసులు పెట్టిన పళ్ళెం పట్టుకుని సంఘ పెద్ద ముందు మగవాళ్ళ వరసలు, తర్వాత ఆడవాళ్ళ వరసలు తిరిగి, ఆఖరున నా దగ్గరికి వచ్చేవాడు. నేను ఎడమ చేత్తో కీలు నొక్కిపట్టి, స్వరం తెగకుండా, కుడి చేత్తో తీసుకునేవాణ్ణి. సంఘమంతటిలో అలా వాయిస్తూ బల్లలో పాలుపొందే మనిషిని నేనొక్కణ్ణే. ఆ క్షణం కోసం నెలంతా ఎదురుచూసేవాణ్ణి. ప్రభువు కోసం ఎదురుచూస్తున్నానని అనుకునేవాణ్ణి.

మా దగ్గర ఇంకో కట్టడ కూడా ఉంది. తోటి విశ్వాసి మీద మనసులో ఏదైనా పెట్టుకున్నవాడు పళ్ళెం వచ్చినప్పుడు చెయ్యి చాపకూడదు. ముందు వెళ్ళి సమాధానపడాలి, తర్వాతే బల్ల. పళ్ళెం తిరిగేటప్పుడు అందరి కళ్ళూ మూసే ఉంటాయి. అయినా ఎవరు చెయ్యి చాపలేదో సాయంత్రానికల్లా ఉప్పల్ దాకా తెలిసిపోయేది.

ఇలా ఉండగా నా తోడల్లుడు వచ్చాడు. మా ఆవిడ చెల్లెలి భర్త. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. అప్పటిదాకా అంబర్‌పేట్‌లో ఉండేవాడు. నాచారంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌గా పని దొరికి, ఉప్పల్‌కు ఇల్లు మార్చి, మా సంఘంలో చేరాడు. మొదటి ఆదివారమే బండి మీద, భార్య ఒడిలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట పెట్టుకుని వచ్చాడు. విప్పితే సింథసైజర్. పెళ్ళి ఆర్కెస్ట్రావాళ్ళ దగ్గర పాతది కొన్నాడట. నా కీబోర్డులో నూరు రకాల వాయిద్యాలు, యాభై తాళాలు, ఒక బటన్ నొక్కితే కుక్క అరుపు కూడా ఉన్నాయి. అతని దాంట్లో తాళాలు లేవు, సొంత స్పీకర్ కూడా లేదు. పైన వరసలుగా గుండ్రటి నాబ్‌లు మాత్రం ఉన్నాయి. చూసి లోలోపల నవ్వుకున్నాను.

పాటలన్నిటికీ నేనే వాయించాను. ప్రార్థన ముందు అయ్యగారు అతని వైపు తిరిగి, "బ్రదర్, ఇయ్యాల ప్రార్థనకు మీరు వాయించుండ్రి, ఇందాం" అన్నారు.

అతను రెండు చేతులూ కీల మీద పెట్టాడు. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఒక స్వరం. అయ్యగారి గొంతు పెరిగేకొద్దీ అది దగ్గరికి వచ్చింది. గట్టిపడలేదు, దగ్గరికి వచ్చింది, అంతే. మాట దిగినప్పుడు అది కూడా తల వంచుకున్నట్టు వెనక్కి తగ్గింది. ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కుతున్నారు. కళ్ళు మూసుకోవాల్సిన వేళ నేను తెరిచి చూశాను. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఎనిమిదేళ్ళలో నా వాయిద్యానికి ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఏందే, ఏడ్చినవ్?"

"ఏడ్వలే. ప్రార్థన మంచిగుండె."

"ప్రార్థన ప్రతి వారం ఉన్నట్టే ఉండె. అయ్యగారు మాటలు గూడ మార్చలే."

"గట్లనా? అయితే గా సప్పుడే అయ్యుంటది." కాస్త దూరం నడిచి నవ్వింది. "ఏమయ్యా, మంటలేసిందా?"

"నాకెందుకు మంట?"

"చెవులు ఎర్రగయినయ్ గద, అందుకడుగుతున్న."

ఆ తర్వాత ప్రార్థనకు అతను, పాటలకు నేను అని దానంతట అదే స్థిరపడిపోయింది. పాటలు పోయినా నాకు బాధ ఉండేది కాదు. పాటకు ఎవడు వాయించినా జనం పాడతారు. ప్రార్థన కింద మోగే చోటే నాది అనుకున్నాను, అదే పోయింది. వారమంతా లేత్ ముందు నిలబడి ఆ స్వరం ఎలా తెచ్చాడని ఆలోచించేవాణ్ణి. ముక్కలు రెండు చెడగొట్టి సూపర్‌వైజర్ చేత మాటలు కూడా పడ్డాను.

ఆ రోజుల్లో తెలంగాణ కోసం తరచు బందులు జరిగేవి. ఒక బందు రోజు కంపెనీలు మూసేస్తే, మధ్యాహ్నం మందిరంలో అతను ఒక్కడే సాధన చేసుకుంటున్నాడని తెలిసి వెళ్ళాను. వైర్లు సర్దడానికి వచ్చినట్టు నటించి, కాసేపయ్యాక మాట కదిపాను.

"తమ్మీ, గా సప్పుడు ఏ నంబరుల ఉంటది?"

"నంబర్ గిట్ల ఏం లేదన్నా. ఫిల్టర్ తోని చేసుకునుడే. జర 'ఊ' అను."

"ఏంది?"

"నోరు సున్న చుట్టి 'ఊ' అనన్నా. సిగ్గెందుకు, ఎవరున్నరిక్కడ?"

అన్నాను.

"ఇప్పుడు ఊపిరి ఇడ్వకుండ మెల్లగ 'ఆ' దాక నోరు తెరువు."

ఊ, ఓ, ఆ. ఖాళీ మందిరంలో నా గొంతు నాకే వింతగా ఉంది.

"గొంతు మారిందా? మారలే. శ్రుతి గదే. నోరు మూసినప్పుడు పైనుండే సన్న సన్న సప్పుళ్ళు లోపల్నే ఆగినయ్. తెరిసినకొద్దీ బయటికొచ్చినయ్. ఫిల్టరంటే గంతే. ఈ మిషన్‌కు నోరు గిదే." అని మొదటి నాబ్ మీద వేలు పెట్టాడు. "కటాఫ్."

దాన్ని పూర్తిగా కుడికి తిప్పి ఒక కీ నొక్కాడు. ఆకురాయి పెట్టి ఇనుము రాకినట్టు గరుకుగా మోగింది. కీ వదలకుండా నాబ్‌ను మెల్లగా ఎడమకు తిప్పాడు. గరుకు పోయింది, మెరుపు పోయింది, ఆఖరుకు దుప్పటి కింద నుంచి ఎవరో మూలుగుతున్నట్టు మిగిలింది.

"వాల్యూం ముట్టుకోలే, సూసినవా? సప్పుడు తగ్గించుడు వేరు, పైపై సప్పుళ్ళను కోసుడు వేరు."

పక్కనే రెండో నాబ్. "గిది రెజొనెన్స్. దీంతోని పైలం. కటాఫ్ ఏడ కోస్తున్నదో గా అంచు కాడి సప్పుడును ఇది లేపుతది. జరంత పెడితే సప్పుడుకు ముక్కూ మొహం వస్తది. మొత్తం తిప్పితే ఈల గొడ్తది. కటాఫ్ తెరిసినకొద్దీ ఈల గూడ పైకి పోతది."

ఈ మాట నాకు వెంటనే అర్థమైంది. ఇనుప ముక్కను కోస్తే కోసిన అంచున సన్నని మొన లేస్తుంది, వేలితో తడిమితే గీసుకుంటుంది. శబ్దాన్ని కోసినా అంచున మొన లేస్తుందన్నమాట. మూడోది కీ నొక్కాక ఆ నోరు ఎంత నెమ్మదిగా తెరుచుకోవాలో చెప్పేది. నాలుగోది చెయ్యి తీశాక కూడా స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పేది. ప్రార్థనకు ఆ నాలుగోది బాగా పెంచుతాడట, ఒక స్వరం తెగకముందే ఇంకోటి అందుకోవడానికి.

ఏదీ దాచుకోలేదు. నా చేతులు పట్టుకుని నాబ్‌ల మీద పెట్టాడు. దాచుకుని ఉంటే నాకు హాయిగా ఉండేది, కోపగించుకోవడానికి ఒక కారణం దొరికేది. అతను మూత్రానికి కిందికి వెళ్ళినప్పుడు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, నాలుగు నాబ్‌ల మీది తెల్ల గీతలు ఎటు చూస్తున్నాయో గడియారం ముల్లులా రాసుకున్నాను. కటాఫ్ తొమ్మిది గంటలు. రెజొనెన్స్ ఎనిమిది. మూడోది పన్నెండు. నాలుగోది రెండు. నా వృత్తిలో కొలత దొరికితే వస్తువు దొరికినట్టే. అతని కానుక నా జేబులోకి వచ్చేసిందనుకున్నాను.

రెండు వారాలకు అతనికి ఆదివారం డ్యూటీ పడింది. మిషన్ మందిరంలోనే ఉంది. అయ్యగారు నన్నే వాయించమన్నారు. నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని నాలుగు నాబ్‌లూ రాసుకున్న చోటికి తిప్పాను. ఎప్పటి అలవాటు ప్రకారం కుడివైపు పై స్వరాలు పట్టుకున్నాను. ఏమీ రాలేదు. వచ్చింది కూడా గోనెసంచిలో మూటకట్టినట్టు వచ్చింది. అయ్యగారు ప్రార్థిస్తూనే వేలు పైకెత్తి సైగ చేశారు, పెంచమని. నేను వాల్యూం పెంచాను. స్పీకర్లు గుంయ్‌మన్నాయి. ఇంకా పెంచాను. రేకులు అదిరాయి. కటాఫ్ మాత్రం తొమ్మిది గంటల దగ్గరే ఉంచాను, ఎందుకంటే అలా రాసి ఉంది.

కూడిక అయ్యాక, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమైందిర బిడ్డా ఇయ్యాల? ప్రార్థన జేస్తుంటే బోరు మోటరు నడ్సినట్టుండె."

సాయంత్రం అతను డ్యూటీ దిగి వచ్చాడు. ఎవరు చెప్పారో గాని అప్పటికే విన్నాడు.

"అన్నా, నేను ఏడ బెట్టినా ఒక్క కాడ ఉంచ. అయ్యగారు గొంతు లేపితే జరంత తెరుస్త, దించితే మూస్త. నువ్వు పై స్వరాలు పట్టినవట, వాటికి ఇంకింత తెరవాలె గద. నాబ్‌ను సూడకు. అయ్యగార్ని ఇను."

ఎనిమిదేళ్ళు ఆ ప్రార్థన పక్కనే కూర్చున్నవాణ్ణి. నిన్నగాక మొన్న వచ్చినవాడు నన్ను వినమంటున్నాడు. మరీ బాధ ఏమిటంటే, అతను చెప్పింది నిజం. ఆ ఎనిమిదేళ్ళూ నేను నా స్వరాన్నే విన్నాను. అయ్యగారు ఎవరి పేరెత్తి, ఏ రోగం గురించి, ఏ ఇంటి గురించి వేడుకున్నారో అడిగితే ఒక్కటీ చెప్పలేను.

మరుసటి వారం అయ్యగారు నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "ఈ నెల బల్లకు మీ తమ్ముడు కూసుంటడు నాయనా. నువ్వు పాటలు సూసుకో."

"అట్లనే అయ్యగారు" అన్నాను.

బైబిల్లో వీణ వాయించే కుర్రవాడి మీద అసూయతో ఈటె విసిరిన రాజు కథ సండే స్కూలు పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. ఈటె విసిరే చోట గొంతు పెంచి, చెయ్యి ఊపి, పిల్లలను ఉలిక్కిపడేలా చేసేవాణ్ణి. ఆ వారం కూడా ఆ కథ నాకు గుర్తుంది. నా చేతిలో ఈటె లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఆ నెల మొదటి ఆదివారం పాటలకు ముందు అతను మిషన్ సర్ది, వైర్లు పెట్టి, చాయ్ తాగడానికి కిందికి దిగాడు. మందిరంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. నేను వెళ్ళి ఆ మిషన్ ముందు నిలబడ్డాను. చెడగొట్టాలని కాదు, ఒక్కసారి నోట్‌బుక్ లేకుండా ప్రయత్నించి చూడాలని. స్పీకర్ల సౌండు తగ్గించి, పక్కనున్న స్పీకరు వైపు చెవి వంచి నాలుగు నాబ్‌లూ తిప్పాను. కాసేపటికి ఏదో దొరికింది కూడా. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. గబగబా సర్దాను. మొదటిది తొమ్మిదికి తెచ్చాను. మూడోది పన్నెండుకు. నాలుగోది రెండుకు. రెండోది కుడివైపు చివరి దాకా తిరిగి ఉంది. దాన్ని చూశాను. అలాగే వదిలేశాను.

మరిచిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. మరిచిపోలేదు. నా వేలు దాని మీదే ఉంది.

పాటలు అయ్యాయి. రొట్టె మీద, ద్రాక్షరసం మీద ఉన్న తెల్లగుడ్డ తీసి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. తోడల్లుడు కీల మీద చేతులు పెట్టాడు. కటాఫ్ మూసి ఉంది కనుక అడుగున ఏదో గురగురమంది తప్ప తేడా తెలియలేదు. అయ్యగారి గొంతు లేచింది. ఇతని ఎడమ చెయ్యి అలవాటుగా మొదటి నాబ్‌ను తెరిచింది. గురగుర మూలుగయింది, మూలుగు ఈలయింది. సన్నగా మొదలై పైపైకి లేచి, రేకుల కప్పు కింద ఎవరో గొంతు చించుకుని అరిచినట్టు మోగింది. అతను బెదిరి రెండు చేతులూ ఎత్తేశాడు. నాలుగో నాబ్ పెంచి ఉంది కదా, చేతులు తీసినా ఈల ఆగలేదు. కీల మీద చెయ్యి లేదు, అరుపు మాత్రం సాగుతోంది.

అయ్యగారు కళ్ళు తెరిచారు. ఖాళీ కీల వైపు చూశారు. కుడి చెయ్యి చాచి, ఒక్క అడుగు ముందుకు వేసి, "అపవాదీ, యేసు నామమున నిన్ను గద్దించుచున్నాను, వదిలి పొమ్ము!" అని దయ్యాన్ని తరిమినట్టు కేక వేశారు. సరిగ్గా అప్పుడే ఈల సన్నగిల్లి ఆగిపోయింది. సంఘమంతా ఒక్కసారిగా "హల్లెలూయ!" అంది. ఒకామె మూర్ఛపోయింది. ఆ కేకల్లో నా గొంతు కూడా ఉంది.

బల్ల అలాగే మూగగా జరిగింది. తర్వాత పెద్దలు గుంపుగా మిషన్ చుట్టూ నిలబడ్డారు, ఒకడుగు ఎడంగా.

"పెండ్లిండ్లల్ల, బరాతుల్ల తిరిగిన డబ్బా గిది" అన్నాడు సంఘ పెద్ద. "దాని మీద ఏముండెనో ఎవరికెర్క?"

"చెయ్యి బెట్టకుండనే మోగింది, నేను కండ్లార సూసిన" అన్నాడు ఇంకొకతను.

తోడల్లుడు వంగి నాబ్‌లు చూశాడు. రెండోదాన్ని చూసి దాని మీద వేలు పెట్టాడు. అతను తల ఎత్తి, "తప్పు నాదే అయ్యగారు. రెజొనెన్స్ మొత్తం తిరిగున్నది. నా మోచెయ్యి తగిలుంటది. గది ఈల గొట్టుడే, ఇంకేం లేదు" అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. మోచెయ్యి తగిలి అంత అరుపు వస్తుందా అన్నారు. మిషన్‌ను మందిరంలోకి మళ్ళీ తేవద్దని, అతను కొంతకాలం వాయించకుండా ప్రార్థనలో ఉంటే మంచిదని తీర్మానించారు. అతను దుప్పటి చుట్టి, భార్య ఒడిలో పెట్టి, బండి మీద తీసుకుపోయాడు. పోతూ నాతో, "నువ్వున్నవ్ గదన్నా, ఫికర్ లేదు" అన్నాడు.

కుర్చీ నాకు తిరిగి వచ్చింది. నెల రోజులు ప్రార్థన కింద నేనే వాయించాను. నా పాత కీబోర్డు వయొలిన్ స్వరం మొదలైనప్పటి నుంచి ఆఖరి దాకా ఒకే రేకు ముక్కలా మోగేది. ఇంతకుముందు నాకు అది తెలిసేది కాదు. ఇప్పుడు తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోవడం లేదని ప్రతి వాక్యానికీ తెలుస్తోంది. మగవాళ్ళ వరసలో చాప మీద కూర్చుని అతను కళ్ళు మూసుకుని ఉండేవాడు. అతని ఎడమ చెయ్యి మోకాలి మీద, అయ్యగారి గొంతుతో పాటు, ఏదో లేనిదాన్ని మెల్లగా తిప్పుతూ ఉండేది. ఆ చెయ్యి చూసి కూడా నాకు అసూయే కలిగింది. అతనికి మిషన్ లేకుండా చేసినా, ఆ వినడం నాకు రాలేదు.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. అయ్యగారు ప్రార్థించారు. పళ్ళెం మగవాళ్ళ వరసలు తిరిగింది, ఆడవాళ్ళ వరసలు తిరిగింది. సంఘ పెద్ద నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నా ఎడమ చెయ్యి కీల మీద ఉంది. కుడి చెయ్యి లేవలేదు.

"తీస్కో బ్రదర్" అన్నాడు గుసగుసగా.

నేను పళ్ళెంలోని గ్లాసుల వైపు చూశాను.

"తీస్కోవయ్యా, అందరు ఎదురుసూస్తున్నరు."

నా చాప వెనక వరసలో ఉండి ఉంటే పళ్ళెం ముందుకు పోయేది, విషయం సాయంత్రానికి తెలిసేది. నేనున్నది ముందు. ఆఖరి మనిషిని నేనే. పళ్ళేనికి నన్ను దాటి పోవడానికి చోటు లేదు. ఎడమ చెయ్యి కూడా కీల మీద నుంచి తీసేశాను.

ఎనిమిదేళ్ళలో ప్రార్థన వేళ నా అంతట నేను కీబోర్డు ఆపడం అదే మొదలు. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

లేచి నిలబడ్డాను. నాబ్, రెజొనెన్స్ అంటే ఎవరికీ అర్థం కాదని తెలుసు. అయినా అవే మాటలు చెప్పాను. మూడు సర్దాను, రెండోది సర్దలేదు, కావాలనే సర్దలేదు, తమ్ముడి మోచెయ్యి తగల్లేదు, ఆ మిషన్ మీద ఏ దయ్యమూ లేదు అని చెప్పాను. చెబుతుంటే మా ఆవిడ తల ఇంకా ఇంకా కిందికి వంగిపోయింది.

అయ్యగారు నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగారు. "మరి గా దినం నేను గద్దించింది దేన్నయ్యా?"

ఆడవాళ్ళ వైపు అయ్యగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

నన్ను మూడు నెలలు పరిచర్య నుంచి పక్కన పెట్టారు. న్యాయమే. తోడల్లుడి మిషన్ తిరిగి వచ్చింది, కుర్చీ అతనికి ఇచ్చారు. ఆ శనివారం అతను మా ఇంటికి వచ్చాడు. మిషన్‌ను మంచం మీద పెట్టి వైరు ప్లగ్గులో దూర్చాడు.

"కోపం రాలేదా తమ్మీ?" అని అడిగాను.

"ఎందుకు రాదు? మస్తొచ్చింది. మీ ఇంటి దిక్కు సూడొద్దనుకున్న. మీ మర్దలు ఊకోలే, అక్క ఏడుస్తున్నదని తోలింది." మొదటి నాబ్ మీద నా వేలు పెట్టాడు. "కండ్లు మూస్కో. నేను మాట్లాడుత. నా గొంతు లేస్తే తెరువు."

"ఏం మాట్లాడ్తవ్?"

"నిన్ను తిడ్త. గొంతు మంచిగ లేస్తది."

నిజంగానే తిట్టాడు. నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో నవ్వడం మానేశాడు. నేను కళ్ళు మూసుకుని తెరిచాను, మూశాను.

మూడు నెలలూ అలా నేర్పాడు. ఫిల్టర్ నాకు అర్థమైంది. ఏ స్వరానికి ఎంత కోయాలో, రెజొనెన్స్ ఎక్కడ ఉంటే గొంతులా ఉంటుందో, ఎక్కడ దాటితే ఈలవుతుందో చెవికి తెలిసింది. గడువు తీరాక అయ్యగారు ఇద్దరినీ పిలిచి, బల్లకు ఎవరు కూర్చుంటారని అడిగారు. తోడల్లుడు నా వైపు చూపించాడు. నాకు అర్థం కాకుండా ఉండి ఉంటే వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది కనుకే అతనికీ నాకూ మధ్య ఎంత దూరం ఉందో స్పష్టంగా తెలుసు.

"తమ్ముడే కూసుండనీ అయ్యగారు" అన్నాను. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు పట్టిన బలం లేత్ ముందు ఏ రోజూ పట్టలేదు.

రాష్ట్రం వచ్చింది. ఉప్పల్ దారిలో మెట్రో స్తంభాలు లేచాయి. మందిరం పెద్దదయింది, కింది దుకాణం కూడా మాదే అయింది. నేను పాటలకు వాయిస్తాను. ప్రార్థన మొదలవగానే లేచి మగవాళ్ళ వరసలోకి వెళ్ళి కూర్చుంటాను. అందరూ ఏడుస్తారు. నేను కూడా ఏడుస్తాను. కాని ఆ ఏడుపు అంతా భక్తి కాదు. ఒకప్పుడు అతని స్వరం వింటే ఏదో మంట అనిపించేది. ఇప్పుడు ఇక్కడ వెంట్రుకవాసి తెరిచాడు, ఇక్కడ ఆపాడు, నేనైతే ఇంకొంచెం తెరిచేసి పాడుచేసేవాణ్ణి అని ఒక్కొక్కటీ తెలుస్తుంది. తెలిసినకొద్దీ అసూయ తగ్గుతుందనుకున్నాను. తెలిసినకొద్దీ అది వాడిగా తయారైంది. దాన్ని ప్రతి ఆదివారం ప్రభువు పాదాల దగ్గర పెడతాను. సోమవారానికి అది మళ్ళీ నా దగ్గరే ఉంటుంది.

అందుకే ఇది రాస్తున్నాను. చదివిన మీరు, ఉన్నచోటే, ఒక్క నిమిషం ఆగండి. మీకంటే బాగా చేసే మనిషి ఒకరు మీకూ ఉండే ఉంటారు, మీ ఇంట్లోనో, పనిచేసే చోటనో. ఆ ముఖాన్ని ముందుకు తెచ్చుకుని నాతో కలిసి అడగండి: తండ్రీ, నీవు అతనికిచ్చినది చూసి మేము చిన్నబుచ్చుకున్న ప్రతి వేళా మమ్మల్ని క్షమించు. అతని చేతులను ఆశీర్వదించు, మాకు మనసు రాకపోయినా ఆశీర్వదించు. ఆ మనసు కూడా ఇవ్వమని అడుగుతున్నాం. ఆమేన్.